కొత్త స్కూల్‌ని చేర్చుకునే ముందు: పాక్-12 ముందున్న పేర్లు, వాటి బలాబలాలు

2010 జూన్‌లో అమెరికా పశ్చిమ తీరపు యూనివర్సిటీల క్రీడా కూటమి పాక్-10 కాన్ఫరెన్స్ వారం తేడాతో రెండు యూనివర్సిటీలను పిలిచింది. మొదటిది కొలరాడో. పక్కనే డెన్వర్ లాంటి పెద్ద టీవీ మార్కెట్, 1990లో ఫుట్‌బాల్ జాతీయ టైటిల్ గెలిచిన చరిత్ర, పరిశోధనలో పేరున్న యూనివర్సిటీల సంఘం ఏఏయూలో సభ్యత్వం. కాగితం మీద వంక పెట్టడానికి వీల్లేని ఎంపిక. రెండోది యూటా. నిజానికి అప్పుడు పాక్-10 కన్నంతా టెక్సస్, ఓక్లహోమాల మీదే ఉండేది. టెక్సస్ రానని తేల్చి చెప్పాక, ఆ ఖాళీలో యూటాకి పిలుపొచ్చింది. 2011లో ఇద్దరూ చేరారు, కాన్ఫరెన్స్ పేరు పాక్-12గా మారింది.

ఆ తర్వాత ఆడిన 13 సీజన్లలో కొలరాడో ఫుట్‌బాల్ జట్టు ఓటముల కంటే గెలుపులు ఎక్కువ చూసింది రెండు సీజన్లలోనే. యూటా 2021లో, 2022లో వరసగా కాన్ఫరెన్స్ టైటిల్ గెలిచింది. లాస్ ఏంజెలెస్‌లోని యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ వెళ్లిపోతామని ప్రకటించాక మిగిలిన పది మందిలో అందరికంటే ముందు తలుపు తీసుకుని బయటికి నడిచింది కూడా కొలరాడోనే, 2023 జులైలో.

కొత్త సభ్యుల ఎంపిక గురించి మాట వచ్చినప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చే ఉదాహరణ ఇదే. పిలిచిన రోజున మెరిసే గుణాలు వేరు, పదేళ్ల తర్వాత కూడా పనికొచ్చే గుణాలు వేరు. ఒక స్కూల్‌ని ఏ కారణం చూసి తీసుకుంటున్నామో, రేపు ఆ కారణం పోతే అందులో ఇంకేం మిగులుతుంది? ఎంపిక కమిటీ అయినా, టీవీ ముందు కూర్చుని వాదించుకునే అభిమానులైనా ముందు అడగాల్సింది ఇదేనని నా నమ్మకం.

ముందు కొంచెం నేపథ్యం

అమెరికా కాలేజీ క్రీడలు కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం రెండు మాటలు. ఒకరితో ఒకరు అన్ని ఆటల్లో పోటీపడే యూనివర్సిటీల కూటమిని కాన్ఫరెన్స్ అంటారు. టీవీ హక్కులను అందరి తరఫునా అదే అమ్ముతుంది. ఐపీఎల్‌లో ప్రసార హక్కుల డబ్బుని ఫ్రాంచైజీలు పంచుకున్నట్టే ఇక్కడా స్కూళ్లు పంచుకుంటాయి. ఆ డబ్బులో సింహభాగం ఫుట్‌బాల్ తెస్తుంది, అంటే అమెరికన్ ఫుట్‌బాల్. పై స్థాయిలో కాన్ఫరెన్స్‌గా గుర్తింపు ఉండాలంటే ఫుట్‌బాల్ ఆడే పూర్తి సభ్యులు కనీసం ఎనిమిది మంది ఉండాలి.

మన ఇళ్లలో ఈ పేర్లు వేరే దారిలో వచ్చాయి. ఎంఎస్ అడ్మిషన్ల పుణ్యమా అని అరిజోనా స్టేట్, హ్యూస్టన్, సిన్సినాటి, సెంట్రల్ ఫ్లోరిడా అంటే తెలియని తెలుగు కుటుంబం అరుదు. ఈ నాలుగూ ఇప్పుడు బిగ్ 12 సభ్యులే. టీవీ డబ్బు అంతగా రాని మధ్యస్థాయి యూనివర్సిటీల్లో చాలాచోట్ల విద్యార్థుల ఫీజులోనే అథ్లెటిక్స్ కోసం కొంత వసూలు చేస్తారు. స్టేడియం మొహం ఎప్పుడూ చూడని విద్యార్థి కూడా ఆ ఫీజు కడతాడు. కాబట్టి స్కూల్ ఏ కాన్ఫరెన్స్‌లో ఉంది, ఎంత ఖర్చు మీద వేసుకుంది అన్నది అభిమానులకు మాత్రమే సంబంధించిన విషయం అనుకోవడానికి లేదు.

పాక్-12 కథ టూకీగా: 2022 జూన్ 30న యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ బిగ్ టెన్‌కి వెళ్తున్నట్టు తేలింది. మరుసటి ఏడాది కొలరాడో బిగ్ 12 దారి పట్టింది. 2023 ఆగస్టు 4న ఒక్క రోజులోనే ఐదుగురు వెళ్లిపోయారు. ఆరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌కి, అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12కి. సెప్టెంబర్ 1న స్టాన్‌ఫర్డ్, కాల్ (బర్క్‌లీ యూనివర్సిటీ) అట్లాంటిక్ తీరపు ఏసీసీలో చేరిపోయాయి. 1915 నాటి మూలాలున్న కాన్ఫరెన్స్‌లో చివరికి మిగిలింది ఇద్దరు: ఆరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్. వాళ్లు చేతులెత్తేయకుండా, నిబంధనలు ఇచ్చిన రెండేళ్ల గడువులో ఇంటిని మళ్లీ నిలబెట్టారు. 2024 సెప్టెంబర్‌లో బోయిసీ స్టేట్, కొలరాడో స్టేట్, ఫ్రెస్నో స్టేట్, శాన్ డియేగో స్టేట్, ఆ వెంటనే యూటా స్టేట్, అక్టోబర్ 1న గొంజాగా, 2025 జూన్ ఆఖరున టెక్సస్ స్టేట్ ఒప్పుకున్నాయి. చేరిక 2026 జులై నుంచి. పడిపోయిన చోటే మళ్లీ కట్టుకున్న ఈ ఇద్దరి పట్టుదల మీద నాకు గౌరవం ఉంది. అందుకే వాళ్ల ఎంపికలను కాస్త గట్టిగానే పరీక్షించాలనిపిస్తుంది.

పెద్ద ఊరు ఉంటే చాలా?

2012 నవంబర్‌లో బిగ్ టెన్ మేరీలాండ్‌నీ రట్గర్స్‌నీ పిలిచినప్పుడు కారణం బహిరంగమే. ఒకటి వాషింగ్టన్, బాల్టిమోర్ పక్కన ఉంది, రెండోది న్యూయార్క్ పక్కన. 2007లో మొదలైన బిగ్ టెన్ నెట్‌వర్క్‌కి సభ్య యూనివర్సిటీ ఉన్న రాష్ట్రంలో ప్రతి కేబుల్ కనెక్షన్ మీదా ఎక్కువ రేటు వచ్చేది. మ్యాచ్ చూసినా చూడకపోయినా కేబుల్ ఉన్న ప్రతి ఇల్లూ కట్టాల్సిందే. ఆ లెక్కలో రట్గర్స్ ఎన్ని మ్యాచ్‌లు ఓడిందన్నది పెద్ద విషయమే కాదు. నిజం చెప్పాలంటే ఆనాటికి అది తెలివైన లెక్కే.

ఇప్పుడు జనం కేబుల్ తీసేసి స్ట్రీమింగ్‌కి వెళ్లారు. చానెళ్లు ఊళ్లో ఎన్ని ఇళ్లున్నాయో చూడటం తగ్గించి, ఎంతమంది నిజంగా మ్యాచ్ పెట్టుకుని కూర్చుంటున్నారో చూస్తున్నాయి. కాబట్టి ‘ఆ స్కూల్ ఫలానా మహానగరంలో ఉంది’ అని ఎవరైనా వాదిస్తే, ఆ నగరంలో ఆ జట్టు గురించి ఎవరు పట్టించుకుంటున్నారని అడగండి. వాషింగ్టన్ స్టేట్ ఉన్న పుల్‌మన్, ఆరెగాన్ స్టేట్ ఉన్న కార్వాలిస్ చిన్న కాలేజీ ఊళ్లు. అయినా ఆ రెండు జట్ల మ్యాచ్‌లను రాష్ట్రమంతా చెల్లాచెదురుగా ఉన్న పూర్వ విద్యార్థులు వదలకుండా చూస్తారు.

చూసేవాళ్ల సంఖ్యలోనూ ఒక చిక్కుంది. 2023లో డియోన్ శాండర్స్ కోచ్‌గా వచ్చాక కొలరాడో మ్యాచ్‌లకు దేశమంతా టీవీలకు అతుక్కుపోయింది. ఆ ఏడాది జట్టు గెలిచింది 12లో నాలుగే. ఆ ప్రేక్షకులు యూనివర్సిటీ కోసం వచ్చారా, ఆ ఒక్క మనిషి కోసం వచ్చారా? పదేళ్ల ఒప్పందం రాసుకునే ముందు ఈ తేడా తేల్చుకోవాలి.

గెలుపుల్ని ఎలా చదవాలి

నేను వాడే పరీక్ష చాలా చిన్నది: కోచ్ వెళ్లిపోయాక కూడా జట్టు నిలబడిందా?

బోయిసీ స్టేట్ దీనికి మంచి జవాబు. 2007 ఫియస్టా బౌల్‌లో (బౌల్ అంటే సీజన్ చివర ఆడే ప్రత్యేక మ్యాచ్) ఓక్లహోమాని 43-42తో ఓడించింది. అప్పటి కోచ్ క్రిస్ పీటర్సన్ తర్వాత వాషింగ్టన్‌కి వెళ్లిపోయాడు, ఆయన తర్వాత వచ్చినవాళ్లూ మారారు. 2024లో అదే జట్టు జాతీయ టైటిల్ కోసం జరిగే 12 జట్ల ప్లేఆఫ్‌లో మూడో సీడ్‌గా నిలిచింది, దాని రన్నింగ్ బ్యాక్ ఆష్టన్ జెంటీ ఏటా ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ ఓట్లలో రెండో స్థానంలో నిలిచాడు. పద్ధతి ఆ సంస్థలోనే ఉందని ఇంతకంటే రుజువేం కావాలి?

మెంఫిస్ కూడా ఈ పరీక్ష పాసవుతుంది. జస్టిన్ ఫుయెంటే వర్జీనియా టెక్‌కి, మైక్ నార్వెల్ ఫ్లోరిడా స్టేట్‌కి వెళ్లాక కూడా జట్టు గాడి తప్పలేదు. టెక్సస్ స్టేట్ సంగతి ఇంకా తేలలేదు. అది 2012లోనే పై స్థాయికి వచ్చింది, తొలి బౌల్ గెలుపు 2023 సీజన్‌లో, రెండోది 2024 సీజన్‌లో. రెండూ ఒకే కోచ్ జీజే కిన్నీ హయాంలో. బాగా ఆడుతోంది, సందేహం లేదు. కానీ ఆయన పెద్ద ఉద్యోగానికి వెళ్లిన మర్నాడు ఏమవుతుందో చూపించే చరిత్ర దాని దగ్గర లేదు.

ఒక్క ఏడాది జోస్యాలనైతే అసలు పట్టించుకోనక్కర్లేదు. 2024లో బిగ్ 12లో చేరినప్పుడు అరిజోనా స్టేట్‌కి సీజన్ ముందు అంచనాల్లో 16 మందిలో చివరి స్థానం ఇచ్చారు. డిసెంబర్‌లో టైటిల్ వాళ్లదే.

ఖర్చు పెట్టే మనసు

నా దృష్టిలో అన్నిటికంటే బరువైన గుణం ఇదే. డాలస్‌లోని ఎస్ఎంయూ చూడండి. 1987లో కాలేజీ క్రీడల నియంత్రణ సంస్థ ఎన్‌సీఏఏ ఆ స్కూల్ ఫుట్‌బాల్ సీజన్‌నే రద్దు చేసింది. 1996లో సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ మూతపడ్డాక అది చిన్న కాన్ఫరెన్స్‌ల మధ్య తిరుగుతూనే ఉంది. 2023లో ఏసీసీ తలుపు కొంచెం తెరుచుకోగానే, తొమ్మిదేళ్ల పాటు టీవీ వాటా అక్కర్లేదని చెప్పి మరీ లోపలికి వచ్చింది. ఆ లోటు పూడ్చడానికి దాతలు వారంలో 10 కోట్ల డాలర్లు ఇచ్చారు. మొదటి ఏడాదే కాన్ఫరెన్స్‌లో ఎనిమిదికి ఎనిమిది గెలిచి, ఫైనల్లో క్లెంసన్ చేతిలో 34-31తో ఓడి, అయినా ప్లేఆఫ్‌కి వెళ్లింది.

డాలస్‌లో ఎస్ఎంయూకి అభిమానుల సంద్రమేమీ లేదు. ఊరి పరిమాణం చూసి తీసుకుంటే అది తప్పుడు కారణం అయ్యేది. పట్టుదల చూసి తీసుకుంటే సరైన కారణం. ఫోర్ట్‌వర్త్‌లోని టీసీయూ కూడా అలాంటిదే. చిన్న ప్రైవేట్ యూనివర్సిటీ, 2012లో బిగ్ 12లో చేరింది, 2022 సీజన్‌లో జాతీయ ఫైనల్ దాకా వెళ్లింది.

2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ సెటిల్‌మెంట్ తర్వాత ఇది ఇంకా ముఖ్యమైంది. ఇప్పుడు యూనివర్సిటీలు ఆటగాళ్లకు నేరుగా డబ్బు పంచవచ్చు. 2025-26కి గరిష్ఠ పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. పరిమితి అందరికీ ఒకటే, అంతదాకా వెళ్లగలిగే స్తోమత మాత్రం కొందరికే. అభ్యర్థిగా వచ్చిన స్కూల్‌ని ముందు అడగాల్సింది ఇదే: మీరు ఎంతదాకా వెళ్తారు, ఆ డబ్బు ఎవరిస్తారు, విద్యార్థుల ఫీజు మీద ఎంత పడుతుంది?

దూరం: ఫుట్‌బాల్ జట్టుది కాదు, మిగతా అందరిదీ

ఫుట్‌బాల్ జట్టు వారానికి ఒక మ్యాచ్ ఆడుతుంది, చార్టర్ విమానంలో వెళ్లి వస్తుంది. సీజన్‌కి ఐదారు ప్రయాణాలు. వాలీబాల్, సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్, టెన్నిస్ ఆడే పిల్లలు వారం మధ్యలో కూడా ఆడతారు. చాలాసార్లు మామూలు విమానాల్లో, కనెక్షన్లు మారుతూ వెళ్తారు. మర్నాడు క్లాసు ఉంటుంది, పరీక్ష ఉంటుంది. ఎంపిక చర్చల్లో వీళ్ల గొంతు దాదాపు వినపడదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

నెల్లూరు మూలాలున్న కుటుంబంలో పుట్టిన నిశేష్ బసవరెడ్డి స్టాన్‌ఫర్డ్ తరఫున రెండు సీజన్లు టెన్నిస్ ఆడి, 2024 డిసెంబర్‌లో ప్రొఫెషనల్ అయ్యాడు. అతను ఆడిన రోజుల్లో కాన్ఫరెన్స్ ప్రయాణమంటే పక్కనున్న బర్క్‌లీ, లేదా లాస్ ఏంజెలెస్, ఎక్కువలో ఎక్కువ సియాటెల్ వైపు. అతని తర్వాత అదే కోర్టులో ఆడేవాళ్ల కాన్ఫరెన్స్‌లో బాస్టన్ కాలేజ్ ఉంది, మయామీ ఉంది. యూసీఎల్‌ఏ నుంచి రట్గర్స్‌కి 2,400 మైళ్లు. ఆటల్లో పైకి రావాలని, చదువు కూడా చెడకూడదని చూసే తల్లిదండ్రులు మన వాళ్లలో ఎంతమంది! పిల్లలకు స్కూల్ ఎంచుకునేటప్పుడు కాన్ఫరెన్స్ మ్యాప్ ఒకసారి ముందు పెట్టుకోండి.

దూరం జట్టుని ఒంటరిని కూడా చేస్తుంది. వెస్ట్ వర్జీనియా 2012లో బిగ్ 12లో చేరినప్పుడు దానికి అతి దగ్గరి సభ్యుడు అయోవా స్టేట్, రోడ్డు మీద 800 మైళ్లకు పైగా. 2023లో సిన్సినాటి వచ్చేదాకా, అంటే 11 ఏళ్లు, పొరుగు అనేదే లేదు.

ఇక కాన్ఫరెన్స్ మొత్తాన్నే దూరం ఎలా చీలుస్తుందో చూడాలంటే 1996 నాటి డబ్ల్యూఏసీ (వెస్టర్న్ అథ్లెటిక్ కాన్ఫరెన్స్) ఉంది. సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ నుంచి బయటపడ్డ స్కూళ్లతో కలిపి ఒకేసారి 16 మంది అయ్యారు. హవాయి నుంచి ఓక్లహోమాలోని టల్సా దాకా పరుచుకున్నారు. నాలుగేసి జట్ల గుంపులు చేసి తిప్పారు. పాత ప్రత్యర్థులు ఏటా ఎదురుపడటం పోయింది, ఖర్చులు పెరిగాయి, తలసరి ఆదాయం పెరగలేదు. 1998లో కొందరు ప్రెసిడెంట్లు డెన్వర్ ఎయిర్‌పోర్ట్‌లో కలుసుకుని విడిపోవాలని నిర్ణయించారు. బీవైయూ (బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ), యూటా, శాన్ డియేగో స్టేట్, కొలరాడో స్టేట్ సహా ఎనిమిది స్కూళ్లు మర్నాటి ఏడాది మౌంటెన్ వెస్ట్ అనే కొత్త కాన్ఫరెన్స్‌గా విడిగా ఆడాయి. వెనక మిగిలిన డబ్ల్యూఏసీలో 2012 సీజన్ తర్వాత ఫుట్‌బాలే ఆగిపోయింది.

షరతులు

స్కూల్ ఎంత మంచిదో, ఏ షరతుల మీద వస్తోందో అంతే ముఖ్యం. ఆరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌లోకి పూర్తి వాటాలో సగం దగ్గర సరిపెట్టుకుని వచ్చాయి. స్టాన్‌ఫర్డ్, కాల్ ఏసీసీలో తొలి ఏడేళ్లు 30 శాతం వాటాతో ఉంటాయి. కొత్తవాళ్లు తక్కువ తీసుకుంటే పాతవాళ్ల ఓటు సులభంగా పడుతుంది. అయినా ఆ ఓటింగ్‌లో క్లెంసన్, ఫ్లోరిడా స్టేట్, నార్త్ కరొలైనా వ్యతిరేకించాయి. తక్కువ వాటా ఎన్నాళ్లు ఉంటుంది, ఏ ఏడాది నుంచి సమానం అవుతుంది అన్నది మొదటి రోజే రాతలో ఉండాలి. లేకపోతే ఒకే లాకర్ రూమ్‌లో రెండు తరగతులు తయారవుతాయి.

బయటికి వెళ్లే రుసుము రెండో షరతు. మేరీలాండ్‌ని ఏసీసీ 5 కోట్ల డాలర్లకు పైగా అడిగింది, చివరికి 3.14 కోట్లకు తెగింది. పాక్-12 అయితే మౌంటెన్ వెస్ట్‌తో 2024 మ్యాచ్‌ల కోసం చేసుకున్న ఒప్పందంలోనే, మీ సభ్యుల్ని లాక్కుంటే పరిహారం కడతామని సంతకం పెట్టింది. ఐదుగురిని తీసుకున్నందుకు ఆ లెక్క 5.5 కోట్ల డాలర్లకు చేరింది, వ్యవహారం కోర్టుకెక్కింది. కొత్త సభ్యుడి ధరలో ఈ ఖర్చు కూడా కలిపి చూడాలి.

ఎవరినీ తీసుకోకపోతే?

ఇదీ ఒక ఎంపికే. అయితే ‘వద్దు’ అనడంలోనూ రెండు రకాలు కనిపిస్తాయి.

2016లో బిగ్ 12 నెలల తరబడి అభ్యర్థుల్ని పరిశీలించింది. బీవైయూ, హ్యూస్టన్, సిన్సినాటి, సెంట్రల్ ఫ్లోరిడా, కొలరాడో స్టేట్, రైస్ లాంటి 11 పేర్లు చివరిదాకా వచ్చాయి. అక్టోబర్‌లో ఎవరూ వద్దని తేల్చారు. ఆశపెట్టుకున్న స్కూళ్లకు అది చేదుగానే ఉండి ఉంటుంది. కానీ కాన్ఫరెన్స్‌కి నష్టం జరగలేదు. 2021లో టెక్సస్, ఓక్లహోమా ఆగ్నేయ రాష్ట్రాల ఎస్‌ఈసీ కాన్ఫరెన్స్‌కి వెళ్తున్నట్టు చెప్పగానే అదే జాబితా తీసి, సెప్టెంబర్ 10కల్లా బీవైయూ, సిన్సినాటి, హ్యూస్టన్, సెంట్రల్ ఫ్లోరిడాలను పిలిచింది. ఇంటి పని ముందే అయిపోయింది కదా.

పాక్-12 చెప్పిన ‘వద్దు’ వేరు. అదే 2021 ఆగస్టులో బిగ్ 12 కూలిపోతుందేమోనని మిగిలిన ఎనిమిది మంది కంగారుపడుతున్నప్పుడు, విస్తరించే ఆలోచన లేదని పాక్-12 ప్రకటించింది. ఆ ఎనిమిది మందిలో మరుసటి ఏడాది జాతీయ ఫైనల్‌కి వెళ్లిన టీసీయూ ఉంది, బాస్కెట్‌బాల్‌లో మహా శక్తి అయిన కాన్సస్ ఉంది. ఊపిరి పీల్చుకున్న బిగ్ 12 కొత్తవాళ్లతో నిండి, 2022 అక్టోబర్‌లో ఈఎస్‌పీఎన్, ఫాక్స్‌లతో పాక్-12 కంటే ముందే ఒప్పందం కుదుర్చుకుంది. ఒక్కో స్కూల్‌కి ఏటా సుమారు 3.17 కోట్ల డాలర్లు. పాక్-12 బేరానికి వచ్చేసరికి బల్ల మీద మిగిలింది ప్రధానంగా యాపిల్ స్ట్రీమింగ్ మీద ఆధారపడ్డ ప్రతిపాదన. దాన్ని చూసే మిగిలినవాళ్లు చెదిరిపోయారు.

కాబట్టి వద్దనాలనుకుంటే, పక్క కాన్ఫరెన్స్ కూడా కదలకుండా ఉంటుందా అని చూసుకుని అనాలి.

పాక్-12 ముందున్న పేర్లు, ఒక్కొక్కటిగా

*గొంజాగా.* రెండో ప్రపంచ యుద్ధ కాలంలోనే ఫుట్‌బాల్ మానేసిన జెసూట్ యూనివర్సిటీ. ఎనిమిది మంది లెక్కలోకి రాదు. అయినా నా ఓటు నిస్సంకోచంగా దీనికే. 1999 నుంచి జరిగిన ప్రతి ఎన్‌సీఏఏ పురుషుల బాస్కెట్‌బాల్ టోర్నమెంట్‌లో ఆడింది, 2017లో, 2021లో ఫైనల్‌కి చేరింది. ఆ టోర్నమెంట్‌లో జట్టు ఆడే మ్యాచ్‌లను బట్టి కాన్ఫరెన్స్ ఖాతాలో ఆరేళ్ల పాటు డబ్బు పడుతూనే ఉంటుంది. పైగా గొంజాగా ఉన్న స్పోకేన్ నుంచి పుల్‌మన్‌కి 75 మైళ్లు. వాలీబాల్ జట్టు బస్సులో వెళ్లి రాత్రికి ఇంటికి రావచ్చు.

*శాన్ డియేగో స్టేట్, ఫ్రెస్నో స్టేట్, కొలరాడో స్టేట్, యూటా స్టేట్.* వీటి గురించి ఎక్కువ వాదన అక్కర్లేదు. పశ్చిమానివే, ఒకరితో ఒకరు ఏళ్లుగా ఆడుతున్నవే. శాన్ డియేగో స్టేట్ 2022లో కొత్త స్టేడియం తెరిచింది, 2023లో బాస్కెట్‌బాల్ ఫైనల్ ఆడింది. కొలరాడో స్టేట్ 2017లో క్యాంపస్‌లోనే స్టేడియం కట్టుకుంది, ఆటలో ఫలితాలు మాత్రం ఇంకా ఆ పెట్టుబడికి తగ్గట్టు లేవు.

*మెంఫిస్.* గెలుపుల చరిత్రలో, బాస్కెట్‌బాల్‌లో, ఫెడెక్స్ లాంటి కంపెనీ ఉన్న ఊరి అండలో ఈ జాబితాలో ముందు వరసలో ఉంటుంది. 2024 సెప్టెంబర్‌లో పాక్-12 మెంఫిస్‌తో పాటు టులేన్, సౌత్ ఫ్లోరిడా, శాన్ ఆంటోనియోలోని యూటీఎస్‌ఏల వైపు కూడా చూసింది. నలుగురూ తమ అమెరికన్ కాన్ఫరెన్స్‌లోనే ఉంటామన్నారు. అది పాక్-12కి కూడా మేలే చేసిందని నా అభిప్రాయం. మెంఫిస్ నుంచి పుల్‌మన్‌కి 1,600 మైళ్లు. ఒంటరిగా తీసుకుంటే ఇంకో వెస్ట్ వర్జీనియా అయ్యేది. తీసుకుంటే మెంఫిస్‌నీ న్యూ ఆర్లియన్స్‌లోని టులేన్‌నీ జంటగా తీసుకోవాలి, లేకపోతే వద్దు. సౌత్ ఫ్లోరిడా ఎంత బాగున్నా మ్యాప్‌లో దానికి చోటు లేదు.

*టెక్సస్ స్టేట్.* ఆస్టిన్‌కీ శాన్ ఆంటోనియోకీ మధ్య శాన్ మార్కస్‌లో ఉంది. 40 వేలకు పైగా విద్యార్థులు. ప్రెసిడెంట్ లిండన్ జాన్సన్ చదివింది ఇక్కడే. టెక్సస్ హైస్కూళ్ల నుంచి ఆటగాళ్లను తెచ్చుకోవడానికి కాన్ఫరెన్స్ మొత్తానికి ఒక వాకిలి దొరుకుతుంది. సెంట్రల్ టైమ్ జోన్‌లో ఒక స్టేడియం ఉంటే టీవీ వాళ్లకు మధ్యాహ్నం మ్యాచ్ పెట్టుకోవడం తేలిక. దాని పాత కాన్ఫరెన్స్ సన్ బెల్ట్ నుంచి బయటపడే ఖర్చు కూడా మిగతావాళ్లతో పోలిస్తే తక్కువే. అయితే దూరంలో ఇది మెంఫిస్ కంటే పెద్ద నయమేమీ కాదు, పుల్‌మన్‌కి 1,500 మైళ్లు పైనే. కోచ్ పరీక్ష ఇంకా రాయలేదు. గడువు ముంచుకొస్తున్నప్పుడు ఎనిమిదో చోటు నింపడానికి ఇది సమంజసమైన ఎంపిక. దీన్ని గొప్ప ఎంపికగా మార్చే బాధ్యత మాత్రం ఆ యూనివర్సిటీ మీదే ఉంది. వచ్చే డబ్బుని కోచ్‌ల జీతాల మీద, సౌకర్యాల మీద పెడితే పదేళ్లలో ఎస్ఎంయూలా నిలబడవచ్చు, పెట్టకపోతే పటం మీద టెక్సస్‌లో ఒక చుక్కగా ఉండిపోతుంది.

*యూఎన్‌ఎల్‌వీ.* లాస్ వేగస్‌లోని నెవాడా యూనివర్సిటీ. 2024లో మౌంటెన్ వెస్ట్‌లోనే ఉండిపోయింది. నాకు మాత్రం తొమ్మిదో ఫుట్‌బాల్ సభ్యుడిగా ఇదే సరైన పేరు. లాస్ వేగస్ నుంచి శాన్ డియేగోకీ ఫ్రెస్నోకీ గంట విమానం. ఆడేది 2020లో తెరిచిన అలీజియంట్ స్టేడియంలో. పశ్చిమంలోని ఏ అభిమానికైనా వేగస్ ప్రయాణం భారంగా అనిపించదు. లోపం గెలుపుల చరిత్రలో ఉంది. మంచి సీజన్లు ఎక్కువగా ఈ మధ్యవే. అయినా ఫుట్‌బాల్ తగ్గినా దగ్గరితనం, స్టేడియం, పాత ప్రత్యర్థిత్వాలు మిగులుతాయి. ఈ జాబితాలో అంత మిగులు ఇంకెవరికీ లేదు.

ఎనిమిది జట్లు ఒకరితో ఒకరు ఒక్కసారి ఆడితే కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు ఏడే అవుతాయి, 12 మ్యాచ్‌ల సీజన్‌లో ఐదింటికి బయటి ప్రత్యర్థుల్ని వెతుక్కోవాలి. అది ఇబ్బందే. ఎవరైనా ఒకరు వెళ్లిపోతే గుర్తింపే ప్రమాదంలో పడుతుంది. కాబట్టి తొమ్మిదో ఫుట్‌బాల్ సభ్యుడు ఉండాలి. యూఎన్‌ఎల్‌వీతో మాటలు తెంచుకోకుండా, మౌంటెన్ వెస్ట్‌తో దాని లెక్కలు తేలేదాకా ఆగగలగాలి. వాటా పూర్తిగా ఇవ్వలేకపోతే రెండు మూడేళ్లలో సమానం చేస్తామని రాసిచ్చి పిలవాలి. ఈలోపు గడువు భయంతో తూర్పు వైపు ఒంటరి స్కూల్‌ని తెచ్చిపెట్టుకోకూడదు. ఓటు వేసే ముందు సభ్య స్కూళ్ల ప్రెసిడెంట్లు తమ సాఫ్ట్‌బాల్, టెన్నిస్ కోచ్‌లను కూడా గదిలోకి పిలిచి, వచ్చే ఏడాది ప్రయాణాల షెడ్యూల్ వాళ్ల చేతే రాయించాలి.